ఫ్యానుకు దాతలు ఆరుగురు, కరెంటు బిల్లుకు ఒక్కరూ లేరు

మా వీధి చివర వృద్ధాశ్రమం హాల్లో ఆరు సీలింగ్ ఫ్యాన్లున్నాయి. ఆరింటికీ రెక్కల మీద ఎర్ర పెయింటుతో పేర్లు. ఫలానా వారి జ్ఞాపకార్థం, కుమారులు, కోడళ్లు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేర్లు కనపడవు. కరెంటు పోయి అందరూ చెమటలు తుడుచుకుంటున్నప్పుడు తీరిగ్గా చదువుకోవచ్చు. వాటిలో ఒకటి మా అత్తగారి పేరు. రాయించింది నేనే.

విజయవాడలో ఒక బ్యాంకులో ముప్పై మూడేళ్లు చేసి 2019లో రిటైరయ్యాను. లెక్కలు తెలిసిన మనిషినని, నెలకు రెండు రోజులు వచ్చి పుస్తకాలు రాసిపెట్టమని ఆశ్రమం చూసుకునే ఆయన అడిగారు. మొదటి నెలలోనే నాకు సిగ్గేసింది. మే నెల కరెంటు బిల్లు పదకొండు వేలు దాటింది. వచ్చినవాటి జాబితా చూస్తే దుప్పట్లు, స్టీలు పళ్లేలు, గోడ గడియారాలు నాలుగు, అరటిపళ్లు గెలలు గెలలు. కరెంటు బిల్లు కట్టినవాళ్లు ఒక్కరూ లేరు. రాత్రిపూట పెద్దవాళ్లను బాత్రూముకి పట్టుకెళ్లే ఆయాకి జీతం ఇస్తామన్నవాళ్లూ లేరు. ఆయా వీపు మీద పేరు రాయించుకోలేం కదా.

అప్పట్నుంచి నేను ఇచ్చే పద్ధతి మారింది. ఎలా మారిందో, మధ్యలో ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో రాస్తున్నాను. వంద ఇచ్చేవాళ్లకీ, పదివేలు ఇచ్చేవాళ్లకీ పనికొస్తుంది. కోట్లు ఇచ్చేవాళ్లకు ఎలాగూ ఆడిటర్లుంటారు.

ముందు, ఎందుకిస్తున్నారో ఒప్పుకోండి

బ్యాంకు కౌంటర్లో కూర్చుంటే జనం ఎప్పుడు ఇస్తారో ఇట్టే తెలిసిపోతుంది. తండ్రి తద్దినం రోజు. బిడ్డ పుట్టినరోజు. ఆపరేషన్ గండం గట్టెక్కిన మర్నాడు. ఇక మార్చి 31 మధ్యాహ్నం వరకు దాక్కున్న కరుణ అంతా సాయంత్రం నాలుగింటికి డీడీ ఫారాలతో లైన్లో నిలబడేది. కాలనీ కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకొస్తే ఇచ్చేది చందా. గుమ్మంలోకి వచ్చినవాడికి వేసేది ధర్మం. పేపర్లో పేరొచ్చేలా ఇస్తే విరాళం. మన భాష ఈ తేడాలన్నీ ఎప్పుడో కనిపెట్టేసింది. పుణ్యం కొద్దీ పురుషుడు, దానం కొద్దీ బిడ్డలు అని సామెత కూడా కట్టి, ఇస్తే తిరిగొస్తుందనే ఆశనూ దాచుకోలేదు.

ఇందులో ఏదీ తప్పని నేననను. పేరు కోసం ఇచ్చిన డబ్బుతో వచ్చిన గాలి కూడా చల్లగానే ఉంటుంది. కాకపోతే మన కారణమే మనం ఏం కొంటామో తేల్చేస్తుంది. పోయినవాళ్ల మీద బెంగ ఉంటే వాళ్ల పేరు నిలిచే వస్తువు కొనాలనిపిస్తుంది. మనసులో ఏదో తప్పు పీకుతుంటే త్వరగా ఇచ్చేసి బయటపడాలనిపిస్తుంది. మొహమాటానికైతే ఎంత తక్కువతో వదిలించుకుందామా అని చూస్తాం. ఈ మూడు సందర్భాల్లోనూ ఎదుటివాళ్లకు ఏం కావాలన్న ప్రశ్న రాదు.

నేను పెట్టుకున్న లెక్క ఒకటే. పేరు పడేదానికి ఎంత పెడితే, పేరు పడనిదానికి అంతే పెట్టాలి. అత్తగారి ఫ్యానుకు అప్పట్లో పద్దెనిమిది వందలైంది. ఆ తర్వాత అంత మొత్తం కరెంటు బిల్లులో కట్టాకే నాకు ఆ ఫ్యాను కింద కూర్చోబుద్ధయింది.

నాన్న, ఏడు ఇళ్లు

మా నాన్నది కోనసీమ. అమలాపురంలో వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు ఇళ్లలో భోజనం. డెబ్భై ఏళ్లు దాటాక కూడా ఆ ఏడు ఇళ్ల కూరలూ గుర్తుండేవి ఆయనకు. మంగళవారం ఇంట్లో నెయ్యి కూడా వేసేవారట. అయినా మంగళవారం అంటే భయమనేవారు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ ఇంటావిడ "వీడు మా వారాల కుర్రాడు" అని చూపించేదిట.

గురువారం ఇల్లు చిన్నది. చారు, పచ్చడి. ఆ ఇంటావిడ మాత్రం వడ్డించే ముందు "ఒరే అబ్బాయ్, మద్రాసులో ఉన్న మావాడికి నాలుగు ముక్కలు రాసిపెట్టు, నాకు రాయడం రాదు" అని కార్డు ఇచ్చేదిట. నాన్న రాసి, తిని, దర్జాగా వెళ్లేవారు. ఉద్యోగమొచ్చాక చీర పట్టుకుని చూడ్డానికి వెళ్తే, అరుగు మీద కూర్చుని ఆవిడ పద్దు రాసుకుంటోంది. ముత్యాల్లాంటి అక్షరాలు. నాన్న ఆ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ కాసేపు ఆగిపోయేవారు.

ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లెవరికైనా డొక్కా సీతమ్మగారి పేరు ఉగ్గుపాలతోనే తెలుస్తుంది. 1841 నుంచి 1909 వరకు బతికారు. లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టారు. అక్కడి గన్నవరం అక్విడక్టుకీ (నది మీదుగా కాలువను దాటించే వంతెన), ఇప్పుడు ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే. నాకు ఆవిడలో నచ్చేది ఎంతమందికి పెట్టారన్నది కాదు. గోదావరి పాయలు దాటుకుంటూ వచ్చే బాటసారి వేళకాని వేళ ఆకలితో దిగుతాడు, అక్కడ పూటకూళ్ల ఇల్లు ఉండదు. ఆకలి ఎక్కడ దిగుతుందో అక్కడే పొయ్యి, అది దిగే వేళకే వంట. ఇప్పుడు అన్నదానమంటే ఏకాదశికో, ఆదివారమో, మనకు సెలవున్న రోజు.

ఆదివారం అంటే గుర్తొచ్చింది. పిల్లల హోముకి భోజనాలు పెట్టాలనుకుంటే ముందు ఫోన్ చేసి ఏ రోజు ఖాళీగా ఉందో కనుక్కోండి. నేను వెళ్లే ఒక హోములో ఒకే ఆదివారం మూడు పుట్టినరోజులు పడ్డాయి. పిల్లలు మూడు కేకులకు మూడుసార్లు చప్పట్లు కొట్టి, మూడో బిర్యానీ ముట్టుకోలేదు. మంగళవారం మళ్లీ నీళ్ల సాంబారే. అసలు అక్కడ అడిగితే చెప్పింది: లెక్కలు చెప్పే ట్యూషన్ మాస్టారికి నెలకు నాలుగు వేలు, ఆడపిల్లలకు ప్యాడ్లు, ఇద్దరికి కళ్లజోళ్లు. ఇంకో మాట. ఆ పిల్లలతో ఫోటో దిగి స్టేటస్‌లో పెట్టొద్దు. ఆదరణ లేని పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి పక్కనపెట్టినా, అది మంగళవారం ఇంటావిడ పనే.

ఎంత ఇవ్వాలి

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నారు పెద్దలు. అప్పు చేసి, ఇంట్లో చెప్పకుండా ఇచ్చేది నిలవదు. అందుకని ముందే ఒక అంకె వేసుకోవాలి. మా బ్రాంచిలో నాతో పనిచేసిన ఒకాయన ఏటా జకాత్, అంటే ముస్లింలు తప్పనిసరిగా ఇచ్చే దానం, లెక్క కట్టేవారు. అవసరాలు పోను ఏడాదిపాటు నిలిచిన సొమ్ములో రెండున్నర శాతం. కాగితం మీద బంగారంతో సహా రాసుకుని, పైసాతో తేల్చేవారు. మా పక్కింటి చర్చివాళ్లది జీతంలో పదో వంతు. మా అమ్మకు లెక్కల్లేవు. ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ ఓ పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, నెలాఖరుకి అది ఎవరికో వెళ్లేది. ముగ్గురిలోనూ నేను చూసిన మంచి గుణం, ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకపోవడం. ముందే తీసిపెట్టేవాళ్లు.

నేను చేసేది ఇది. పెన్షన్ పడిన మర్నాడు ఐదు శాతం వేరే సేవింగ్స్ ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చాను. ఎవరడిగినా అందులోంచే. దీనివల్ల రెండు లాభాలు. ఇచ్చేటప్పుడు ప్రాణం ఉసూరుమనదు, ఎందుకంటే అది అప్పటికే నాది కాదు. రెండోది, ఖాతా ఖాళీ అయితే "ఇప్పుడు లేవండీ, వచ్చే నెల చూద్దాం" అని మొహమాటం లేకుండా చెప్పొచ్చు. చాలామందికి ఇవ్వడం రాక కాదు, లేదనడం రాక టెన్షన్.

ఆ ఐదులో సగం ఏటా మారని రెండు మూడు చోట్లకే పంపిస్తాను. వందమందికి వంద చొప్పున పంచితే నాకు బాగుంటుంది, వాళ్లలో ఎవరికీ ఏమీ కాదు. ప్రతి నెలా వస్తుందని నమ్మకం ఉంటేనే ఆశ్రమం ఆయాని పెట్టుకోగలదు.

కుట్టు మిషను కథ

ఇది చెప్పాలంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. రిటైరైన కొత్తలో, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి తన కాళ్లమీద తను నిలబడాలని కుట్టు మిషను కొన్నాను. మోటారుతో సహా తొమ్మిది వేలు. పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చాను. ఆరు నెలల తర్వాత వాళ్లింటికి వెళ్తే మిషను మీద టీవీ ఉంది, టీవీ మీద ప్లాస్టిక్ పూలు.

"కుట్టడం లేదేంటే?" అన్నాను.

"మా సందులో ఇప్పటికే ఐదుగురు కుడతారమ్మగారూ. జాకెట్లు నాకెవరిస్తారు?"

"మరి ఆరోజే చెప్పొచ్చుగా."

"మీరు అంత సంతోషంగా తెచ్చారు. ఎలా చెప్పను?"

నెమ్మదిగా లాగితే అసలు సంగతి బయటికొచ్చింది. డైలీ ఫైనాన్సు వాడికి రోజుకు రెండొందలు కడుతోంది. చెవిదిద్దులు తాకట్టులో ఉన్నాయి. ఆ తొమ్మిది వేలు నేను చేతికిచ్చుంటే అప్పు తీరిపోయేది, రోజుకు రెండొందలు ఆమెకే మిగిలేవి. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు, ఇక్కడ పాపం కూడా నేనే కొని మోసుకెళ్లాను.

మనవాళ్లు అపాత్రదానం అని ఒక మాట అంటుంటారు. పుచ్చుకునేవాడు తగినవాడు కాదని. ఆ మాట నాకు నచ్చదు. నా అనుభవంలో చిల్లు ఇచ్చేవాళ్ల గిన్నెకే ఎక్కువసార్లు ఉంది. డబ్బిస్తే తాగేస్తారని కొందరు వస్తువులే ఇస్తారు. తాగేవాడికి మిషనిచ్చినా అమ్ముకునే తాగుతాడు. తాగనివాళ్లు మాత్రం మన అనుమానం వల్ల నష్టపోతారు.

అడగడం కూడా తిన్నగా అడిగితే పనికాదు. "నీకేం కావాలి?" అంటే ఎవరూ చెప్పరు, ఎక్కువ అడిగినట్టుంటుందని భయం. నేను ఇప్పుడు "ఈ నెల దేనికి తడుముకుంటున్నావు?" అంటాను. లేదా "పోయిన నెల ఎక్కడ అప్పు చేశావు?" అంటాను. చదువుల విషయంలో అయితే ఫీజు తర్వాత ఉండే ఖర్చులు అడగండి: బస్ పాసు, హాస్టల్ డిపాజిట్, పరీక్ష ఫీజు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై, బాకీ కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమన్న కాలేజీ వల్ల ఉద్యోగం పోగొట్టుకోబోయిన కుర్రాడొకడు నాకు తెలుసు. బాకీ పద్నాలుగు వేలు. నేరుగా కాలేజీ ఖాతాకే కట్టి, రసీదు అతని పేరునే తీసుకున్నాం.

బుడమేరు నేర్పింది

2024 సెప్టెంబరు 1న మా విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. మాది ఎత్తున్న చోటు, చుక్క నీరు రాలేదు. మొదటి మూడు రోజులు ఊరంతా పులిహోర కలిపింది. నేనూ కలిపాను. డ్రోన్లతో కూడా పొట్లాలు జారవిడిచారు. కానీ ఫ్లైఓవరు దగ్గరికి చేరిన పొట్లాలు లోపలి సందుల్లోకి వెళ్లేవి కావు. పడవలు తక్కువ, నీళ్లు మెడదాకా. ఫ్లైఓవరు మీద నిలబడ్డవాళ్లకు ఐదేసి పొట్లాలు, మూడో అంతస్తులో చిక్కుకున్న ముసలాయనకు సున్నా. మూడో రోజు సాయంత్రానికి రోడ్డు పక్కన పులిసిన పులిహోర గుట్టగా పడుంది. నా డబ్బా మూత చూసి గుర్తుపట్టాను.

అప్పుడు వాళ్లు అడిగినవి: తాగే నీళ్లు, పాలపొడి, కొవ్వొత్తులు, దోమల చక్రాలు, బీపీ షుగరు మాత్రలు, ప్యాడ్లు, ఫోన్ చార్జింగు. పాత బట్టలు ఎవరూ అడగలేదు. అవే ఎక్కువొచ్చాయి. పట్టుచీరలు, చిరిగిన పంజాబీ డ్రెస్సులు, ఒక సంచీలో కోటు కూడా.

నీళ్లు తీశాక అసలు పని మొదలైంది, అప్పటికి జనం వెళ్లిపోయారు. మోకాలి లోతు బురద. చీపుళ్లు, పారలు, బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు. తర్వాత పరుపులు, స్టవ్ బర్నర్లు. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇరవై ఐదు వేలు ప్రకటించింది. మంచిదే, కానీ ఫ్రిజ్జు, బీరువా, మంచం, పిల్లల పుస్తకాలు అన్నీ పోయిన ఇంటికి అది ఎంతవరకు? నేను, మా రిటైరైన స్నేహితురాళ్లు నలుగురం అక్టోబరులో ఒక మెకానిక్‌ని పట్టుకున్నాం. ఇంజన్లోకి నీళ్లు పోయి మూలపడ్డ ఆటోలు బాగుచేయించడానికి. ఒక్కోదానికి ఏడు నుంచి పన్నెండు వేలు. ఐదు ఆటోలు రోడ్డెక్కాయి. ఆ డబ్బుతో పులిహోర పొట్లాలు వెయ్యికి పైగా వచ్చేవి. ఒక ఆటో నడిస్తే మాత్రం ఆ ఇంట్లో పులిహోర వాళ్లే కలుపుకుంటారు.

కాబట్టి ఎక్కడైనా తుపానో వరదో వస్తే, ఇవ్వాలనుకున్నదాన్ని రెండు చేయండి. మొదటి సగం వెంటనే, అక్కడ ముందునుంచీ పనిచేస్తున్నవాళ్లకు డబ్బు రూపంలో. రెండో సగానికి ఫోన్లో నలభై రోజుల తర్వాతి తేదీకి అలారం పెట్టుకోండి.

కాగితాల పని, ఒక పూట

ఈ భాగం విసుగ్గా ఉంటుంది, చదివేయండి. సంస్థకు ఇస్తుంటే పాన్ నంబరు, 80జి అనే పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ అడగండి. పిల్లల హోమయితే బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ అడగండి. ఆడిట్ చేసిన లెక్కలు ఒక్క ఏడాదివైనా చూపించమనండి. మంచివాళ్లు సంతోషంగా తీసి చూపిస్తారు. "మామీద నమ్మకం లేదా" అని కినుక వహిస్తే మీకు జవాబు దొరికినట్టే. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక తెరమీద వచ్చే పేరు సంస్థ పేరేనా అని చూడండి. మనిషి పేరొస్తే ఆగండి. జబ్బుపడ్డ బిడ్డ ఫోటోతో ఫార్వర్డ్ వస్తే ఆసుపత్రికి ఫోన్ చేసి, పేషెంటు నంబరుతో నేరుగా ఆసుపత్రి ఖాతాలో కట్టొచ్చేమో కనుక్కోండి.

పన్ను గురించి కౌంటర్లో నన్ను వందలమంది అడిగారు. చాలామంది సగం డబ్బు వెనక్కొస్తుందనుకుంటారు. రాదు. సాధారణంగా ట్రస్టుకు పదివేలిస్తే అందులో సగం, ఐదువేలు, మీ ఆదాయంలోంచి తీసేస్తారు. ఇరవై శాతం శ్లాబులో ఉంటే మిగిలేది సుమారు వెయ్యి. అది కూడా పాత పన్ను విధానంలోనే, కొత్తదానిలో లేదు. రెండువేలు దాటి నగదు ఇచ్చినా, బియ్యం దుప్పట్లు ఇచ్చినా ఈ మినహాయింపు రాదు. ముఖ్యమంత్రి సహాయ నిధికైతే నూరు శాతం.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు అడుగుతుంటాడు, "పిన్నీ, నేనూ పంపించొచ్చా?" అని. వాడిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే కాబట్టి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా మామూలుగా పంపొచ్చు. వాడి భార్య అమెరికా పౌరురాలైంది. భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, ఆమె ఇచ్చేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్టరైన, లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థలే తీసుకోవాలి, డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. తెలియక చిన్న సంస్థ ఖాతాలో వేసేస్తే ఇరుక్కునేది ఆ సంస్థే.

డబ్బు లేనివాళ్లకు

పద్దెనిమిది నుంచి అరవై ఐదేళ్ల లోపు, నలభై ఐదు కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉంటే రక్తం ఇవ్వండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. నా మాట వింటే ఎండాకాలం ఇవ్వండి. కాలేజీలకు సెలవులు, క్యాంపులుండవు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకు మాత్రం మే నెలలోనూ రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే.

కళ్లు ఇవ్వాలనుకుంటే ఫారం నింపడం కన్నా ఇంట్లోవాళ్లకు చెప్పడం ముఖ్యం. ప్రాణం పోయాక ఆరు గంటల్లోపు తీసుకోవాలి. కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా పర్వాలేదు. ఐ బ్యాంకు వాళ్లు వచ్చేలోగా కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, గదిలో ఫ్యాను ఆపేయాలి. మా అత్తగారప్పుడు ఆ ఏడుపుల్లో ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచలేదు, పక్కింటి నర్సమ్మాయి వచ్చి ఆపింది.

నా నోటుబుక్కులో ఇప్పుడు నాలుగు గళ్లు: తేదీ, ఎవరికి, ఎంత, రెండు నెలల తర్వాత ఏమైంది. నాలుగో గడి నింపడానికే ఫోన్ చేస్తాను. లెక్క అడగడానికి కాదు, వచ్చేసారి మిషను కొనకుండా ఉండటానికి. మొన్న ఆశ్రమం నుంచి వాళ్లే చేశారు. అత్తగారి ఫ్యాను తిరగడం లేదట, కండెన్సర్ పోయిందట. ఎలక్ట్రీషియన్‌తో కలిపి రెండొందల యాభై. పంపించాను. కండెన్సర్ అగ్గిపెట్టె అంత ఉంటుంది, ఫ్యాను మూత లోపల దాక్కుంటుంది, పేరు రాయించడానికి చోటు లేదు.